తెగేదాకా లాగొద్దు

ఏప్రిల్ వచ్చిందంటే చింతలపూడి చుట్టుపక్కల తోటలు తెల్లవారకముందే లేస్తాయి. చిక్కాలు భుజాన వేసుకుని కోత కూలీలు ఒకవైపు నుంచి వస్తుంటారు. మరోవైపు ట్రేలు ఎక్కించుకున్న పాత పికప్పు బండ్లు ఒక్కొక్కటే స్టార్టవుతుంటాయి. తాళం తిప్పగానే బానెట్టు కింద నుంచి కీచుమని ఒక కూత లేస్తుంది. కాసేపు సాగి ఆగిపోతుంది. డ్రైవరు తల కూడా తిప్పడు. ఎవరైనా అడిగితే, ‘‘ఫ్యాన్ బెల్టులెండి. పొద్దునపూట అరుస్తది, వేడెక్కితే అదే ఊరుకుంటది’’ అంటాడు. యజమాని సరేనంటాడు. ఆ యజమానుల్లో నేనూ ఒకణ్ణి. ఏళ్ల తరబడి ఆ మాటే విన్నాను, ఆ మాటే అన్నాను.

ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పాత బండి బెల్టు విషయంలో మన ప్రాంతంలో ఒక సిద్ధాంతం పాతుకుపోయింది. అరిస్తే బిగించు, తెగితే మార్చు. దీనికి తోకలు మరో నాలుగు: ఎంత బిగిస్తే అంత మంచిది, పగుళ్లు లేకపోతే బెల్టు బాగున్నట్టే, కూత ఆగాలంటే సబ్బుముక్క చాలు, సీటు కింద స్పేరు బెల్టుంటే భయం లేదు. మెకానిక్ షెడ్డులోనూ, టీ కొట్టు దగ్గరా, కాటా ముందు వరసలో నిలబడ్డ డ్రైవర్ల మధ్యా ఇవే మాటలు. అనేవాళ్లు అనుభవం లేనివాళ్లు కాదు. లక్షల కిలోమీటర్లు స్టీరింగు తిప్పిన చేతులు వాళ్లవి. అందుకే ఈ మాటల్ని కొట్టిపారేయకుండా, ఒక్కొక్కటే పట్టుకుని జవాబు చెప్పాలి.

అసలు పొరపాటు పేరులోనే ఉంది. ఫ్యాన్ బెల్టు అన్నాం కాబట్టి అది ఫ్యాను తిప్పుతుందనే అనుకుంటున్నాం. ఫ్యాను కాసేపు తిరగకపోతే ఏమవుతుంది, గాలి తగ్గుతుంది, అంతేగా అనుకుంటున్నాం. 1988లో టాటా మొబైల్ వచ్చినప్పటి నుంచి మన రోడ్ల మీద తిరిగిన పాత డీజిల్ పికప్పుల్లో ఏదైనా ఒకదాని బానెట్టు ఎత్తి, ఇంజిన్ ముందు నిలబడి చూడండి. కింద క్రాంకు పుల్లీ. అక్కడి నుంచి బెల్టు పైకెళ్లి వాటర్ పంపుని తిప్పుతుంది. చాలా పాత బండ్లలో ఫ్యాను ఆ పంపు ఇరుసు మీదే ఉంటుంది. అక్కడి నుంచి పక్కకెళ్లి ఆల్టర్నేటరుని తిప్పుతుంది. మన పెద్దవాళ్లు ఇప్పటికీ డైనమో అనేది దాన్నే. ఇంతవరకు అందరికీ తెలుసు. ఇక ఆల్టర్నేటరు వెనక్కి చెయ్యి పోనిచ్చి తడమండి. అక్కడ లావుపాటి రబ్బరు గొట్టం ఒకటి తగిలితే అది వ్యాక్యూమ్ పంపు. ఆ గొట్టం వెంట పోతే బ్రేకు బూస్టరు దగ్గర తేలతారు.

పెట్రోలు ఇంజిన్ గాలి పీల్చే దారిలో వ్యాక్యూమ్ దానంతటదే పుడుతుంది. డీజిల్ ఇంజిన్‌లో అలా పుట్టదు. బ్రేకు పెడల్ కాలికి తేలిగ్గా దిగాలంటే విడిగా ఒక పంపు కావాలి. మన పాత డీజిల్ పికప్పుల్లో చాలావాటికి ఆ పంపుని ఆల్టర్నేటరు వీపుకే అతికించారు. ఆల్టర్నేటరు తిరిగితే పంపు తిరుగుతుంది. బెల్టు తెగితే రెండూ ఆగిపోతాయి. బూస్టరులో నిలవున్న వ్యాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకి సరిపోతుంది. తర్వాత పెడల్ బండరాయి అవుతుంది. బ్రేకు పూర్తిగా పోదు. కానీ ఒంట్లో బలమంతా కాలి మీదికి తెచ్చినా లోడు బండి ఎప్పటి దూరంలో ఆగదు. అంటే మనం ఫ్యాన్ బెల్టు అంటున్నది ఇంజిన్ చల్లదనాన్నీ, కరెంటునీ, బ్రేకునీ ఒకే ఉంగరంలో పట్టుకున్న బెల్టు. దాన్ని తెగేదాకా వాడదామనే మాటకి అర్థం, బ్రేకు బూస్టరుని కూడా ఆగిపోయేదాకా వాడదామనే.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. మా బండి బెల్టు కూడా అందరి బండ్లలాగే పొద్దున్నే అరిచేది. అది మే నెల. మధ్యాహ్నం ఎండలో బంగినపల్లి లోడుతో నున్న మార్కెట్టుకి బయల్దేరాం. నూజివీడు దాటి ఆగిరిపల్లి వైపు పోతుండగా డాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలిగింది. బ్యాటరీ పాతబడిందనుకున్నాం. ఎలాగూ ఇంజిన్ నడుస్తోంది, మార్కెట్టుకి పోయాక చూద్దామని నేనే చెప్పాను. కాసేపటికి వేడి ముల్లు పైకి పోవడం మొదలెట్టింది. అంతలో తోటల మధ్య నుంచి మేకల మంద రోడ్డు మీదికి వచ్చింది. వెనక కర్ర పట్టుకుని ఒక కుర్రాడు. డ్రైవరు బ్రేకు తొక్కాడు, బండి కొంచెం నెమ్మదించింది. మళ్లీ తొక్కాడు. ‘‘బాబాయ్, దిగట్లేదండీ!’’ అని కేకేశాడు. రెండు కాళ్లూ పెడల్ మీద పెట్టి, గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగాడు. ఆ కుర్రాడికీ మా బంపరుకీ మధ్య నాలుగు బారల దూరం మిగిలింది.

దిగి బానెట్టు ఎత్తితే బెల్టు లేదు. తెగిన ముక్క రేడియేటరు అడుగున ఇరుక్కుని ఉంది. సీటు కింద స్పేరు ఉండనే ఉంది, నాలుగేళ్ల క్రితం కొన్నది. జాకీ కింద నలిగి, ఇంజిన్ ఆయిల్ డబ్బా కారి తడిసి, ఉబ్బిపోయి ఉంది. మధ్యలో ఒకసారి ఆల్టర్నేటరు మార్పించాం, దాని పుల్లీ వేరే సైజు. ఆ స్పేరు పొడవు చాలలేదు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. హెడ్డు గాస్కెట్టు పోయిందని మర్నాడు తెలిసింది. టార్పాలిను కింద వేడెక్కిన కాయ రేటు ఎంత పడిపోయిందో మామిడి రైతులకి నేను చెప్పక్కర్లేదు. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది హెడ్డూ కాదు, కాయ రేటూ కాదు. ఆ నాలుగు బారల దూరం.

ఇప్పుడు ఒక్కో సూత్రాన్నీ చూద్దాం.

మొదటిది, పొద్దున అరుస్తుంది, వేడెక్కితే ఊరుకుంటుంది అన్నది. ఊరుకోవడం నిజమే. కారణమే మనం తప్పు చెప్పుకుంటున్నాం. స్టార్టు చేసేటప్పుడు బ్యాటరీ నుంచి పెద్ద మొత్తంలో కరెంటు పోతుంది. ఇంజిన్ అందుకోగానే ఆ లోటు పూడ్చడానికి ఆల్టర్నేటరు బరువుగా పనిచేస్తుంది. అంటే దాని పుల్లీని తిప్పడం బెల్టుకి కష్టమవుతుంది. పట్టు చాలని బెల్టు జారుతుంది. ఆ జారుడు శబ్దమే కూత. కాసేపటికి బ్యాటరీ లోటు తగ్గుతుంది, ఆల్టర్నేటరు బరువు తగ్గుతుంది, కూత ఆగుతుంది. బెల్టు మాత్రం బాగుపడలేదు. అనుమానముంటే రాత్రిపూట హెడ్‌లైట్లు వేసి, వైపర్లు కూడా తిప్పి, ఎక్సలేటరు ఒక్కసారిగా తొక్కి చూడండి. అదే కూత మళ్లీ లేస్తుంది.

జారిన ప్రతిసారీ బెల్టు పక్కలు కాలతాయి. కాలిన రబ్బరు నున్నబడి అద్దంలా మెరుస్తుంది. నున్నబడ్డాక ఇంకా ఎక్కువ జారుతుంది. కాబట్టి రోజూ అరిచేదేగా అనే బెల్టు రోజురోజుకీ పట్టు కోల్పోతున్న బెల్టు. జ్వరం పొద్దున వచ్చి మధ్యాహ్నానికి తగ్గుతోంది కదా అని పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఉంటామా?

రెండోది, ఎంత బిగిస్తే అంత మంచిది అన్నది. ఇది తప్పని తెలియాలంటే ఆ బెల్టు ఎందుకు ఆ ఆకారంలో ఉందో తెలియాలి. మన తాతల కాలంలో ఆయిల్ ఇంజిన్లకీ, రైసు మిల్లులకీ చదును పటాలుండేవి. చదును పటా పుల్లీని తన అడుగుతో పట్టుకుంటుంది. పట్టు కావాలంటే గట్టిగా లాగి కట్టాల్సిందే. 1917లో అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ రబ్బరుతో వి-బెల్టు తయారు చేశాడు. అది పుల్లీని అడుగుతో పట్టుకోదు, రెండు పక్కలతో పట్టుకుంటుంది. చెక్క చీలికలోకి దిగిన మేకులాగ గాడిలోకి ఇరుక్కుని పనిచేస్తుంది. అదే లాగుడుకి చదును పటా కంటే సుమారు మూడు రెట్ల పట్టు ఇస్తుంది. అంటే ఈ బెల్టు పుట్టిందే తక్కువ బిగింపుతో ఎక్కువ పని చేయడానికి. దాన్ని చదును పటాని లాగినట్టు లాగడం దాని సుగుణాన్నే కాదనడం.

ఎక్కువ బిగిస్తే ఆ లాగుడంతా ఎవరి మీద పడుతుంది? వాటర్ పంపు బేరింగు మీదా, ఆల్టర్నేటరు ముందు బేరింగు మీదా. పంపు బేరింగు ఆడటం మొదలెడితే దాని సీలు పోతుంది, పంపు కింది చిన్న రంధ్రం నుంచి కూలెంటు చుక్కలు చుక్కలుగా కారుతుంది. ఆ కారే కూలెంటు తగిలి బెల్టు మళ్లీ జారుతుంది. జారింది కదా అని మళ్లీ బిగిస్తాం. ఇలా బిగించి బిగించి, కొన్ని వందల రూపాయల బెల్టుని కాపాడుతున్నామనుకుంటూ వేల రూపాయల పంపునీ, ఆల్టర్నేటరునీ తినేస్తున్నాం. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే.

మూడోది, పగుళ్లు లేవు కాబట్టి బెల్టు బాగుంది అన్నది. ఒకప్పుడు ఈ మాట కొంతవరకు చెల్లింది. పాతకాలపు బెల్టుల్లో వాడిన నియోప్రీన్ రబ్బరు ముసలిదయ్యేకొద్దీ అడ్డంగా పగిలేది. వంచి చూస్తే గీతలు కనపడేవి. ఇప్పుడు మంచి కంపెనీల బెల్టులు చాలావరకు ఈపీడీఎం అనే రబ్బరుతో వస్తున్నాయి. అది అంత తొందరగా పగలదు. టైరు అరిగినట్టు పక్కల నుంచి అరుగుతుంది. పగుళ్ల కోసం వెతికితే చివరిదాకా ఏమీ కనపడదు. చూడాల్సింది వేరే ఉంది. కొత్త బెల్టు వీపు పుల్లీ అంచుకి దాదాపు సమానంగా ఉంటుంది. అరిగిన బెల్టు గాడిలోకి దిగిపోయి కూర్చుంటుంది. ఇంకా దిగితే దాని అడుగు గాడి అడుగుకి తగిలి, ఆ అడుగు రుద్దినట్టు తళతళలాడుతుంది. గాడి అడుగు మెరుస్తోందంటే బెల్టు పక్కలతో పట్టుకోవడం మానేసి చదును పటాలా మారిందని అర్థం. ఇక ఎంత బిగించినా ఫలితం లేదు.

మన నేల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చింతలపూడిది మెట్ట, ఎర్రనేల. తోటల్లోని మట్టి దారుల్లో ఒక బండి వెనక ఇంకో బండి పోతే, రెండో బండి బానెట్టు లోపలంతా సన్నటి ఎర్రదుమ్ము. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది. అది బెల్టుకీ గాడికీ మధ్య చేరి రెంటినీ ఆకురాయిలా అరగదీస్తుంది. తారు రోడ్డు మీదే తిరిగే బండికి చెప్పిన కిలోమీటర్ల లెక్క తోట బండికి చెల్లదు. మన బండ్లని ఇంకా ముందే, ఇంకా తరచుగా చూసుకోవాలి. మనం చేస్తున్నది సరిగ్గా తలకిందులు.

బెల్టు ఎంత పని చేస్తుందో ఒక్కసారి లెక్క వేసి చూడండి. క్రాంకు పుల్లీ అడ్డుకొలత 15 సెంటీమీటర్లు, బెల్టు పొడవు ఒక మీటరు అనుకుందాం. ఇంజిన్ నిమిషానికి 2000 సార్లు తిరిగితే బెల్టు నిమిషానికి 940 మీటర్లు పరిగెడుతుంది. అంటే నిమిషానికి 940 చుట్లు. మూడు పుల్లీల దగ్గర వంగుతుంది కాబట్టి నిమిషానికి 2800కి పైగా వంపులు. మూడు గంటల ప్రయాణంలో 5 లక్షల వంపులు! బయట ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున, రేడియేటరు వేడిగాలి మొహాన కొడుతుండగా చేసే పని ఇది. ఒక ఇనుప తీగని చేత్తో పదిసార్లు అటూ ఇటూ వంచితే విరుగుతుందని చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఇన్ని వంపులు ఓర్చుకునే వస్తువు మన నుంచి కోరేది ఏడాదికి ఒకట్రెండు గంటలు.

నాలుగోది సబ్బుముక్క, మైనం, డబ్బాల్లో అమ్మే జిగురు స్ప్రే. చదును పటాల కాలంలో జిగురు పూతకి అర్థముంది. పక్కలతో పట్టుకునే బెల్టుకి లేదు. సబ్బు పూస్తే కూత ఆగుతుంది, జారుడు ఆగదు. కేకలు వేస్తున్న మనిషి నోరు మూసినట్టు. జిగురు పూస్తే కొన్నాళ్లు పట్టినట్టే ఉంటుంది. తర్వాత మన ఎర్రదుమ్మంతా ఆ జిగురుకే అంటుకుంటుంది. రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది. అసలు కూతకి కారణం తెలుసుకోవడానికి జిగురు అక్కర్లేదు, గుక్కెడు మంచినీళ్లు చాలు. ఇంజిన్ ఐడిలింగులో నడుస్తుండగా, చేతులూ బట్టలూ దూరంగా ఉంచుకుని, బెల్టు లోపలివైపు కాసిన్ని నీళ్లు చిలకరించండి. కూత పెరిగితే బెల్టు జారుతోందని అర్థం, బిగింపు చూడాలి లేదా మార్చాలి. కాసేపు తగ్గి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒకే వరసలో లేవని అర్థం. రెండో సందర్భంలో బిగింపు ఎంత పెంచినా దండగే.

ఐదోది సీటు కింద స్పేరు. స్పేరు ఉండటం మంచిదే, నేనూ ఉంచుతున్నాను. కానీ అది ధైర్యానికి కాదు, ఆపదకి. రోడ్డు పక్కన, కాలిపోతున్న ఇంజిన్ మీద, సరైన పానాలు లేకుండా, లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే వేసే బెల్టు సరిగ్గా పడదు. స్క్రూ డ్రైవరుతో తన్ని పుల్లీ మీదికి ఎక్కిస్తాం. అలా తన్నినప్పుడు బెల్టు లోపలి పాలియెస్టరు దారాలు తెగుతాయి. పైకి ఏమీ కనపడదు. నెల తిరక్కుండా అదీ తెగుతుంది. అప్పుడు ‘‘ఈ కాలం బెల్టులు నాసిరకం’’ అంటాం. అసలు సంగతి ఏమిటంటే, స్పేరు మనల్ని రోడ్డు పక్కన నిలబడటం నుంచి కాపాడొచ్చు గానీ, తెగిన క్షణం నుంచి కాపాడలేదు. బ్రేకు గట్టిబడేది ఆ క్షణం తర్వాతే.

మరి సరైన పద్ధతి ఏది? అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఇంజిన్ చల్లారాక, తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి మొదలుపెట్టాలి. మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టాలి. తిరిగే పుల్లీకి తువ్వాలు కొస చిక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆల్టర్నేటరుకి కింద ఇరుసు బోల్టు, పైన గాడిలో జరిగే బోల్టు ఉంటాయి. రెండూ వదులు చేసి ఆల్టర్నేటరుని ఇంజిన్ వైపు తోస్తే బెల్టు చేతికి వచ్చేస్తుంది. తన్నే పని లేదు. బెల్టు తీశాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఒక్కో పుల్లీనీ చేత్తో తిప్పి చూడాలి. వాటర్ పంపు పుల్లీని పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించాలి. గరగరమన్నా, ఆడినా బేరింగు పోతోందని ముందే తెలుస్తుంది. బెల్టు తెగాక రోడ్డు మీద ఈ పరీక్ష చేసే తీరిక ఎవరికీ ఉండదు. ఆయిలూ, డీజిలూ, కూలెంటూ ఎక్కడైనా కారుతుంటే ముందు అది ఆపాలి. కారే చోట కొత్త బెల్టు వేస్తే కొత్తది కూడా ఉబ్బి పోతుంది. పుల్లీ మొహాలకి అడ్డంగా ఒక నూలు దారం లాగి పట్టుకుంటే వరస తప్పిందో లేదో కంటికే తెలిసిపోతుంది.

షాపులో పాత బెల్టు చూపించి ఇలాంటిదే ఇవ్వమని అడగొద్దు. పాతది సాగి, అరిగి ఉంటుంది. బెల్టు వీపు మీద 13, 1000 లాంటి అంకెలుంటాయి. మొదటిది పైవెడల్పు, రెండోది పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. ఆ అంకెల్ని బండి పుస్తకంతో సరిచూసుకుని కొనాలి. కొంచెం సన్నంగా ఉన్నా సరిపోతుందని ఇచ్చే బెల్టు మొదటి రోజు నుంచే గాడి అడుగున కూర్చుంటుంది. ఒకే పని చేసే జంట బెల్టులైతే రెండూ కలిపే మార్చాలి. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ వేస్తే, బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. ఒక కొత్త ఎద్దునీ ఒక ముసలి ఎద్దునీ కాడికి కట్టి దున్నిన రైతుకి ఇది వేరే చెప్పాలా?

బిగించేటప్పుడు ఆల్టర్నేటరు గట్టి భాగానికి కర్ర ఆనించి బయటికి లాగి, పై బోల్టు బిగించి, తర్వాత కింది బోల్టు బిగించాలి. పలచని వెనక మూతకి కడ్డీ పెట్టి తన్నితే మూత పగులుతుంది. రెండు పుల్లీల మధ్య ఎక్కువ పొడవున్న చోట బెల్టు నడిమిన బొటనవేలితో సుమారు పది కిలోల బరువు పడేలా నొక్కితే, సాధారణంగా 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. మీ బండికి ఖచ్చితంగా ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది, అదే ప్రమాణం. అంతకంటే దిగితే వదులు. అసలు దిగకపోతే బేరింగుకి శిక్ష. కొత్త బెల్టు మొదట్లో సాగి గాడిలో సర్దుకుంటుంది. అరగంట నడిపి, ఇంజిన్ ఆపి చల్లారాక ఒకసారి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగింపు చూడాలి. కొత్త బెల్టు వేయించినా మళ్లీ అరిచిందనే ఫిర్యాదులో ఎక్కువ భాగం ఈ రెండో చూపు లేకపోవడం వల్లే. తనంతట తాను బిగుతు చూసుకునే టెన్షనరున్న కొత్త రకం బండ్లకి ఈ బిగింపు పని లేదు. వాటిలో అరుపు వస్తే బెల్టుతోపాటు టెన్షనరునీ అనుమానించాలి. నేను మాట్లాడుతున్నది చేత్తో బిగించే పాత బండ్ల గురించి. మన తోటల్లో ఇంకా బరువు మోస్తున్నది అవే.

ఇప్పుడు అవతలి పక్షంలోని గట్టి వాదానికి వస్తాను. ‘‘సీజను రెండున్నర నెలలు. ఆ రోజుల్లో బండి ఒక పూట ఆగితే ఒక కిరాయి పోతుంది. పాత బండి విలువే అంతంతమాత్రం. నడుస్తున్న బెల్టుని తీసి పారేసి కొత్తది వేయడం మాలాంటివాళ్లకి తాహతుకి మించిన పని.’’ ఇది బద్ధకం మాట కాదు, కష్టం మాట. ఆ కష్టం నాకూ తెలుసు. కానీ ఆ కష్టమే నా వాదానికి బలం. ఒక పూట ఆగితే కిరాయి పోతుందంటే, హెడ్డు పనికి బండి నాలుగు రోజులు షెడ్డులో పడుంటే ఎన్ని కిరాయిలు పోవాలి? బండి పాతదంటే, దాన్ని కాపాడుకోవాల్సిన అవసరం ఎక్కువైనట్టా, తక్కువైనట్టా? కొత్త బండి కొనే తాహతు లేనివాడికే పాత బండి ఇంజిన్ ప్రాణంతో సమానం. ఇక పారేయడం సంగతికి వస్తే, సీజను ముందు తీసిన బెల్టు ఇంకా పనికొచ్చేదైతే పారేయొద్దు. శుభ్రంగా తుడిచి, మెలిపెట్టకుండా చుట్టి, ఆయిలు తగలని సంచిలో పెట్టి స్పేరుగా ఉంచుకోండి. ఆ బండికి అతికిందని రుజువైన బెల్టు అది. మా సీటు కింద పడి ఉన్నదానికంటే వెయ్యి రెట్లు నయం.

ఇక బెల్టు ఎప్పుడు చూడాలి? కిలోమీటర్ల లెక్క రాసుకునే అలవాటు మనకి తక్కువ. పండగలు మాత్రం మరిచిపోం. దసరాకి బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కిస్తాం, గుమ్మడికాయ కొడతాం. ఆ రోజు పూజకి ముందు బానెట్టు ఎత్తి బెల్టు నొక్కి చూడండి. అక్కడి నుంచి ఆరు నెలలకి ఉగాది. మామిడి ముక్క పచ్చట్లో పడే రోజుకి సీజను గడప దగ్గరే ఉంటుంది. బెల్టు గాడిలోకి దిగినా, పక్కలు మెరుస్తున్నా, మునుపటి సీజనంతా అరుస్తూ గడిచినా ఉగాదికి మార్చేయండి. మార్చిన తేదీ, కిలోమీటర్లు బానెట్టు లోపలివైపు పెయింటుతో రాయండి. డ్రైవరు మారినా, మెకానిక్ మారినా ఆ రాత ఉంటుంది.

చివరిగా ఈ మాట డ్రైవర్లకి కాదు, నాతోటి యజమానులకి. బెల్టు సంగతి డ్రైవరుకి ముందే తెలుసు. ‘‘అరుస్తోందండీ’’ అని మనకి చెప్పే ఉంటాడు. ఈ లోడు దింపి రా, తర్వాత చూద్దాం అన్నది మనం. డబ్బు మనది కాబట్టి నిర్ణయం మనది. ప్రాణం మాత్రం స్టీరింగు దగ్గర కూర్చున్నవాడిదీ, రోడ్డు దాటుతున్నవాడిదీ. అన్నదమ్ముల పంపకాల్లో, బేరాల్లో, పెళ్లి సంబంధాల్లో తెగేదాకా లాగొద్దని ఊరికి పెద్దలై చెబుతుంటాం. బెల్టు దగ్గరికొచ్చేసరికి ఆ మాట మనమే మరిచిపోతున్నాం. ఎడ్లబండి రోజుల్లో ఇరుసుకి కందెన వేయకుండా మన తాతలు బండి కట్టలేదు. ఆ జాగ్రత్త వాళ్లకి ఖర్చనిపించలేదు. బండి కట్టడంలో అదీ ఒక భాగమే అనుకున్నారు.

రేపు తెల్లవారుజామున మీ బండి అరిస్తే, లోడు సంగతి ఒక గంట పక్కన పెట్టి బానెట్టు ఎత్తించండి. గంట ఆలస్యమైతే ఏమీ కాదు. కాయ చెట్టునే ఉంటుంది.